తాటిచెట్లు లెక్కపెట్టిన నక్క

సముద్రానికి కూతవేటు దూరంలో, సముద్రంలో కలిసే ఏటి గట్టున, జాలర్లు వదిలేసి వెళ్ళిన పాత పాక ఒకటి ఉండేది. అందులో గేదె సూరమ్మ, మేకపోతు గవర్రాజు, పదకొండు పిల్లల తల్లి కోడి పుల్లమ్మ కాపురముండేవారు. పక్కనే మొగలిపొదల్లో నక్క సింగన్న మకాం.

ఆ రోజు పొద్దున్నే తూర్పుగాలి తిరిగింది. ఆకాశం ఇటుకరంగుకొచ్చింది.

"తుపాను! తుపానొస్తోంది!" గవర్రాజు గంతులేశాడు. "దిబ్బెక్కుదాం పదండి!"

"ఎందుకు బావా ఆ కంగారు?" అంటూ సింగన్న తీరిగ్గా వచ్చాడు. "నీ జన్మలో చూసిన పెద్ద తుపాను ఏది?"

"ఇంకేది? ఏడొందల తాటిచెట్లు కూలినదే!"

"ఆ తర్వాతది?"

"దానికి నలభై పడ్డాయి."

"మరి ఇవాళ ఒక్క మట్టయినా రాలిందా? చెట్లు కూలితేనే తుపాను బావా. ఇదో తుంపర. పాకలో వెచ్చగా పడుకోండి, నేనూ మీకు తోడుంటాను."

పుల్లమ్మ ప్రాణం కుదుటపడింది. పదకొండు పిల్లల్ని బురదలో దిబ్బదాకా నడిపించడం మాటలా? సింగన్న కళ్ళు మాత్రం ఆ పిల్లల మీదే ఉన్నాయి. వాన హోరులో రెండు తగ్గితే ఎవరు చూడొచ్చారు?

సూరమ్మ ఇదంతా వింటూనే నీళ్ళు తాగడానికి ఏట్లోకి దిగింది. మూతి పెట్టి ఉలిక్కిపడింది. నీళ్ళు ఉప్పు కషాయంలా ఉన్నాయి. సముద్రం వెనక్కి తీసే పాటు వేళ తగ్గాల్సిన ఏరు ఎదురు తిరిగి మోకాళ్ళ పైకి పాకుతోంది. ఇలాంటి నీళ్ళు ఆమె ఒకసారి చూసింది. ఒక్క పరుగున గట్టెక్కింది.

"ఒరే గవర్రాజూ! ఏడొందల చెట్లు కూలిన ఏడు మనలో పోయింది ఒక్క ముసలెద్దు. నలభై కూలిన ఏడు సముద్రం లేచొచ్చి ముప్ఫైముగ్గుర్ని ఊడ్చుకుపోయింది. అందులో నా దూడలు ఇద్దరు. అసలు చెట్టే కూలని ఏడు అయిదు రోజులు కురిసి గడ్డంతా కుళ్ళిపోతే, ఆకలికి సగం మంద పోయింది. చెప్పు, ఏది పెద్దది?"

గవర్రాజు నోరు తెరిచాడు. సింగన్న అడ్డుపడ్డాడు.

"అత్తా, నీది కడుపుకోత. కాదనను. కానీ తీర్పు చెప్పేచోట ఏడుపులు పనికిరావు. లెక్క కావాలి, లెక్క!"

గవర్రాజు తలూపాడు. పుల్లమ్మా తలూపింది. సూరమ్మకి వాణ్ణి కొమ్ములతో ఎత్తి ఏట్లో పారేద్దామనిపించింది. కానీ ఏరు అప్పుడే గట్టు అంచు తడుపుతోంది. కోపానికి వేళ కాదు. గొంతు మెత్తబరిచింది.

"నిజమే అల్లుడూ. లెక్క తెలిసినవాడివి, తీర్పు నువ్వే చెప్పాలి. కానీ ఈ గుమ్మంలోంచి కనబడేవి ఆరు చెట్లు. ఆరు చెట్లు చూసి తీర్పు చెప్పాడని ఏటి అవతలవాళ్ళు నవ్వితే నీ పరువేం కావాలి? దిబ్బెక్కి నాలుగు దిక్కులా లెక్కపెట్టు. మేమంతా సాక్షులం."

సింగన్న ఛాతీ ఉబ్బింది. కాదంటే పెద్దరికం పోతుంది. "పదండి మరి!" అని తోకెత్తి ముందు నడిచాడు. సూరమ్మ మోకాళ్ళ మీద వంగి పుల్లమ్మనీ పిల్లలన్నిటినీ వీపు మీదికి ఎక్కించుకుంది. నడిచింది కాదు, ఉరికింది.

దిబ్బ మీద సింగన్న మొదలెట్టాడు. "నూట పది... నూట పదకొండు... చూశారా, అన్నీ నిలబడే ఉన్నాయి! నూట పన్నెం..."

హోరుమంది. గాలి కాదు. సముద్రం నల్లటి గోడలా లేచి ఏటికి అడ్డంగా వచ్చేస్తోంది! పాక ఒక్కసారి పైకి లేచి, గిర్రున తిరిగి, కనబడకుండా పోయింది.

"అత్తా! అందులో... మనం..." సింగన్న లెక్క మరిచిపోయాడు.

"ఆపావేం అల్లుడూ? చెట్లింకా ఒక్కటీ పడలేదుగా. కానియ్!"

నీళ్ళు దిబ్బ పైకీ వచ్చాయి. సింగన్న పొట్ట తడిసింది, మెడ తడిసింది. "అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను!" అని ఏడ్చాడు.

"ఎక్కు. తోకవైపు తిరిగి కూర్చో. తల ఇటు తిప్పావో, మళ్ళీ నీళ్ళలోకే."

సాయంత్రం నీళ్ళు తీసేదాకా సింగన్న అలాగే కూర్చున్నాడు. వాడి మెడ కాస్త కదిలినప్పుడల్లా పుల్లమ్మ వెనకనుంచి టక్కున పొడిచింది. గవర్రాజు నడుంలోతు నీళ్ళలో నిలబడి, వరద మళ్ళీ పెరుగుతుందేమోనని చూస్తూ ఉన్నాడు.

"పెద్దమ్మా, నా పదకొండుమందీ ఉన్నారు!" పుల్లమ్మ పిల్లల్ని ముక్కుతో తడిమి తడిమి చూసుకుంది. "ఇంతకీ ఇది చిన్న తుపానా, పెద్దదా?"

ఏటి అవతలనుంచి ఎవరిదో అంబా అనే అరుపు సన్నగా వినబడింది. సూరమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"మనవరకూ చిన్నదే తల్లీ. అవతలివాళ్ళని చూసొచ్చి మిగతాది చెబుతాను" అని ఆమె నీళ్ళలోకి దిగింది. సింగన్నని ఎవరూ తీర్పు అడగలేదు.

నీతి: తుపాను ఎంత పెద్దదో దాని గాలి చెప్పదు, అది పోయాక మన మధ్య లేనివాళ్ళు చెబుతారు.