దాలమ్మ గుంజ

కొండ కింది ఏరు ఏడాది పొడుగునా పారిన కాలమట అది. ఆ ఒడ్డున ఏటా మూడు రోజులు జాతర. ఆ మూడు రోజులూ దాలమ్మ తాటాకు పాక వేసి జీళ్ళు అమ్మేది. బెల్లం పాకం గుంజకి వేసి లాగేది, మళ్ళీ వేసి లాగేది, తెల్లబడేదాకా లాగేది. మధ్యలో ఆపితే పాకం రాయే.

ఒక ఏడు, పాకం లాగుతుండగా కూతురు పైడి కొంగు పట్టుకుంది.

"అమ్మా, రాట్నం చూద్దాం రాయే."

"పాకం మీదున్నాను, ఆగు."

"అమ్మా, రాయే."

"పాకం పోద్ది, ఆగమన్నానా."

మూడోసారి పిల్ల పిలవలేదు. పాకం తెల్లబడ్డాక దాలమ్మ తిరిగి చూస్తే పిల్ల లేదు.

ఊరూరా వెతికింది. దొరకలేదు. "తప్పిపోతే ఈ గుంజ కాడికి రా" అని పిల్లకి ముందే చెప్పి ఉంది. ఆ మాటే ఆధారం. మరుసటేడు అక్కడే పాక వేసింది. పిల్ల రాలేదు. ఆపై ఏడూ వేసింది. రాలేదు.

మూడో ఏడు జాతర పెద్ద ఆ చోటు గాజుల సెట్టికి ఇచ్చాడు.

"బాబూ, నా పిల్ల అక్కడికే వస్తాది" అంది దాలమ్మ ఆ పెద్దతో.

"బెల్లం ఎక్కడున్నా ఈగలొస్తాయి. ఏటవతల వేసుకో, పో."

దాలమ్మ గుంజ పీక్కుంది. తొడ దగ్గర చెయ్యి పెట్టి సెట్టికి చూపించింది. "ఇంత పిల్ల. వస్తే నా కాడికి పంపు."

జాతర ముగిశాక వచ్చి అడిగింది.

"ఆ పిల్ల రాలేదొదినా. వేరే పిల్లెవరో వచ్చింది. ఇక్కడ గుంజ ఉండాలే అని చాలాసేపు నిలబడింది."

"ఎంత పిల్ల?"

సెట్టి తన రొమ్ము దగ్గర చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి దించలేకపోయాడు.

మూడేళ్ళలో పిల్ల ఎదుగుతుందని తల్లికి తోచలేదు.

దాలమ్మ గుంజని పాత చోటే పాతి కూర్చుంది. పాకలన్నీ విప్పేశారు. బళ్ళన్నీ వెళ్ళిపోయాయి. ఆమె లేవలేదు. వానలొచ్చాయి, ఏరు పొంగింది. వరద తీశాక గుంజ ఉంది, దాలమ్మ లేదు.

ఇప్పుడు ఆ ఏట్లో ఇసకే. జాతర మాత్రం జరుగుతుంది, జీళ్ళూ అమ్ముతారు. ఆ చోట ఎవరూ కొట్టు పెట్టరు. పాకం లాగేవాళ్ళు, పిల్ల వచ్చి కొంగు పట్టుకుంటే పాకం వదిలేస్తారు. రాయైన ఆ ముద్దని తెచ్చి దాలమ్మ గుంజకి కడతారు. చీమలు తింటాయి.

అక్కడి తల్లులు చేతిలో ఎంత పని ఉన్నా, పిల్ల పిలిస్తే ఇప్పటికీ ఈ మాటే అంటారు: "పాకం పోతే పోనీ. ఏంటమ్మా?"