రెండో ఫైర్‌వాల్

విశ్వేశ్వరం మాస్టారు ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పగా మాలో ఎవరమూ చూడలేదు. ప్రశ్న వింటారు, కళ్ళజోడు తుడుచుకుంటారు, చేతిలో ఉన్న పని పూర్తిచేసుకుంటారు. గంటకో వారానికో "సంచీ తీసుకో, వెళ్ళొద్దాం" అంటారు. ఎవరింటికో, ఏ ఆఫీసుకో తీసుకెళ్తారు. అక్కడ జరగాల్సింది జరుగుతుంది. తిరిగొచ్చేసరికి మనం అడిగిన ప్రశ్న మనకే వేరే రకంగా కనిపిస్తుంది. టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్ళు లైన్లు సరిచేసి, రిటైరయ్యాక తెనాలిలో ఒక సైకిల్ షాపు మీది గదిలో ఆయన కంప్యూటర్ రిపేరు నేర్పేవారు. ఏడాదికి నలుగురైదుగురికి మించి చేర్చుకునేవారు కాదు. నేనూ హిమజా ఒకే ఏడాది చేరాం. ఈ సంగతి మొదలూ చివరా నేను చూసినవి. మధ్యలోది హిమజ చెప్పింది.

హిమజ మా అందరిలోకీ చురుకైన మనిషి. నేర్చుకున్నది ఆ సాయంత్రానికే ఎవరింట్లోనైనా ప్రయోగించి చూడందే నిద్రపోదు. ఒకరోజు పొద్దున్నే వస్తూనే అడిగింది. "మాస్టారూ, విండోస్‌లో ఫైర్‌వాల్ ఎటూ ఉంటుంది. నెట్ తెచ్చే రౌటర్ కూడా బయటివాళ్ళని లోపలికి రానివ్వదు. ఇళ్ళల్లో వాడే కంప్యూటర్లకి ఇవి చాలా? పైన ఇంకో ఫైర్‌వాల్ వేయిస్తే మంచిది కాదా?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నువ్వేమనుకుంటున్నావు?"

"వేయించాలనే అనుకుంటున్నానండీ. నెట్‌లో ఒకటి ఉచితంగా దొరుకుతోంది. చాలా గట్టిది. లోపలికొచ్చేదాన్నే కాదు, బయటికి పోయే ప్రతిదాన్నీ ఆపి, పంపమంటారా వద్దా అని అడుగుతుంది. దాన్ని దాటి ఏదీ కదలదు."

"ఎక్కడైనా వేశావా?"

హిమజ కాస్త తటపటాయించింది. "ముగ్గురిళ్ళల్లో వేశానండీ. అమృతవల్లి గారింట్లో నెల్లాళ్ళయింది. నిన్ననే ఫోన్ చేశారు, కంప్యూటర్ నెమ్మదించింది, ఒకసారి చూడమని."

మాస్టారు చేతిలో ఉన్న స్క్రూలు నాలుగూ బిగించి, మూత పెట్టి, "సంచీ తీసుకో" అన్నారు.

అమృతవల్లి గారు పాతికేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి, స్వచ్ఛందంగా మానేసిన టీచరు. మానేసింది విశ్రాంతికోసం కాదు. జిల్లాలో ఒక అంధ బాలికల పాఠశాల ఉంది. అక్కడి పదో తరగతి పిల్లలకి సోషల్ పుస్తకం మొత్తం గొంతుతో చదివి, రికార్డు చేసి పంపిస్తారావిడ. ఉన్నది ఉన్నట్టు చదివితే చూపులేని పిల్లకి పటం ఎలా తెలుస్తుంది? అందుకని పటాలన్నిటినీ మాటల్లోకి మార్చేవారు. ఆ ఏడాది మొత్తం ఇరవైరెండు పాఠాల్లో ఎనిమిది అప్పటికే పంపేశారు. మిగిలిన పద్నాలుగింట్లో పదమూడు రికార్డయి ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆఖరిది నడుస్తోంది. బుధవారం పిల్లలకు సోషల్ పరీక్ష. వీళ్ళు వెళ్ళింది దానికి ముందు శుక్రవారం.

వెళ్ళేసరికి ఆవిడ మైకు ముందు ఉన్నారు. వీళ్ళకి కుర్చీలు చూపించి, వేలు పెదవుల మీద పెట్టుకుని, చదువుతూనే ఉన్నారు. "కుడి చెయ్యి అరచెయ్యి కిందికి ఉండేట్టు బల్లమీద ఆనించుకో తల్లీ. వేళ్ళు నీ వైపుకి ఉండాలి. మధ్యవేలి కొసన కన్యాకుమారి. ఎడమ అంచంతా అరేబియా సముద్రం, కుడి అంచంతా బంగాళాఖాతం. గోదావరి ఎడమ అంచుకు దగ్గరగా పుట్టి, చేతికి అడ్డంగా ప్రయాణం చేసి కుడి అంచున సముద్రంలో కలుస్తుంది. ఇప్పుడు ఎడమచేతి చూపుడువేలుతో ఆ దారి గియ్యి." హిమజ తనకు తెలియకుండానే బల్లమీద చెయ్యి పెట్టి గీత గీసుకుంది. పదో తరగతిలో తనకి అర్థం కాని గోదావరి అప్పుడు అర్థమైందని నాతో అంది.

ఆ చదువుతున్నంతసేపూ తెర మూలనుంచి చిన్న పెట్టె ఒకటి పైకి లేస్తూనే ఉంది. ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది. అమృతవల్లి గారు పుస్తకం మీంచి చూపు తిప్పకుండా, గొంతు తడబడకుండా, మౌసుతో 'సరే' నొక్కుతున్నారు.

రికార్డింగు ఆపాక మాస్టారు అడిగారు. "అదేమంటోందమ్మా?"

"ఎవరో ఒకరు బయటికి వెళ్ళాలట విశ్వేశ్వరం గారూ. ఇందాక ఏదో సర్వీసు హోస్టు, దానిముందు ఇంకేదో అప్‌డేటరు. వెళ్ళనీయండి పాపం." ఆవిడ నవ్వారు. "మొదట్లో చదివేదాన్ని. చదివినా ఏం తెలుస్తుంది నాకు. సోమవారం చెయ్యిజారి ఒకసారి 'వద్దు' అన్నాను. ఇక అంతే, ఆనాటినుంచి స్కూలుకి పాఠం పంపుదామంటే కదలదు. దానికి కోపం వచ్చింది కాబోలని, అప్పటినుంచీ అన్నిటికీ 'సరే'నే."

హిమజ మొహం ఎర్రబడింది. ఆవిడ పాఠాలు పంపే ప్రోగ్రామునే ఆ 'వద్దు' ఆపేసిందని ఆమెకు అర్థమైంది. లేచి సరిచేయబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వేమీ ముట్టుకోకు. ఒక కాగితం తీసుకో. అది అడిగినప్పుడల్లా, ఆవిడ 'సరే' అన్నప్పుడల్లా ఒక గీత పెట్టు. అరగంట చాలు. ఈలోగా నేను వరండాలో రౌటర్ సంగతి చూస్తాను." ఇంతకంటే ఆయన అనుకున్నది ఏమీ లేదు. తర్వాత జరిగింది ఎవరూ అనుకున్నది కాదు.

అమృతవల్లి గారు మళ్ళీ పుస్తకం తెరిచారు. హిమజ గీతలు పెడుతోంది. ఐదు, తొమ్మిది, పద్నాలుగు. పంతొమ్మిదో గీత దగ్గర ఆవిడ ఫోన్ మోగింది. రికార్డింగు ఆపి, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని "ఆఁ, నేనేనండీ. పొద్దున నేనే చేశాను. అవునండీ, పాఠాలు వెళ్ళడం లేదు" అన్నారు. హిమజ పెద్దగా పట్టించుకోలేదు. స్కూలువాళ్ళు అనుకుంది. ఆవిడ అవతలివాళ్ళు చెప్పినట్టు ఏదో టైపు చేశారు. నెట్‌లోంచి ఏదో కంప్యూటర్‌లోకి దిగింది. మూలనుంచి పెట్టె లేచింది. ఆవిడ 'సరే' నొక్కారు. హిమజ ఇరవయ్యో గీత పెట్టింది.

గీత పెట్టాక చూసింది. ఆవిడ ఒక చేత్తో ఫోన్ సర్దుకుంటున్నారు. రెండో చెయ్యి కళ్ళజోడు మీద ఉంది. మౌసు మీద ఎవరి చెయ్యీ లేదు. తెరమీద బాణం గుర్తు మాత్రం నడుస్తోంది. నింపాదిగా, తన ఇల్లే అన్నట్టు, పాఠాలున్న ఫోల్డరు దగ్గరికి వెళ్ళింది. తెరిచింది. పద్నాలుగు పేర్లు బారుగా కనిపించాయి.

"టీచర్ గారూ, ఫోన్లో ఎవరు?"

"కంప్యూటర్ కంపెనీవాళ్ళమ్మా. నువ్వొచ్చేలోగా పని ఆగిపోతుందేమోనని, నెట్‌లో వెతికి నంబరు పట్టుకుని నేనే చేశాను. చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు. వీటికి వైరస్ పట్టిందట, శుభ్రం చేసిస్తాడట."

ఆ మాట పూర్తయ్యేలోపే మొదటి పాఠం పేరు పక్కన చిన్న తాళం గుర్తు పడింది. తర్వాత రెండోదాని పక్కన. హిమజ బల్లకిందికి దూరి నెట్ వైరు పట్టి లాగేసింది. లేచి చూస్తే బాణం గుర్తు ఆగిపోయింది కానీ తాళాలు ఆగలేదు. నాలుగు. వాడు లోపల పెట్టిన పని వాడు లేకుండానే సాగుతోంది. ఐదు. మామూలుగా కంప్యూటర్ ఆపుదామని చూస్తే అది మాట వినడం లేదు. డబ్బా మీది బటన్ నొక్కిపట్టాలనీ, వెనక వైరు పీకాలనీ ఆ కంగారులో తట్టలేదు. ఆరు, ఏడు. గోడమీద స్విచ్చు బీరువా వెనక ఉంది. చెయ్యి దూరదు. ఆ బీరువా జరపడానికి తనకు బలం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదంటుంది హిమజ. పైనున్న పుస్తకాలు కిందపడ్డాయి. స్విచ్చు అందింది. నొక్కింది. తెర నల్లబడింది.

గదిలో ఫోన్లో గొంతు ఒక్కటే వినిపిస్తోంది. "అమ్మా, లైన్ కట్ అయింది. మళ్ళీ ఆన్ చేయండి. చేయకపోతే మీ ఫైల్స్ పోతాయి." చప్పుడు విని మాస్టారు వరండాలోంచి వచ్చారు. కిందపడ్డ పుస్తకాలు చూశారు, నల్లబడ్డ తెర చూశారు. అమృతవల్లి గారి చేతిలోంచి ఫోన్ తీసుకుని, "నమస్కారమండీ" అని చెప్పి పెట్టేశారు.

ఆ తర్వాతి గంట ఎలా గడిచిందో చెప్పేటప్పుడు హిమజ గొంతు ఇప్పటికీ ఒక మెట్టు పైకి వెళ్తుంది. మాస్టారు తన సంచిలోని పెన్‌డ్రైవ్ పెట్టి, ఆ కంప్యూటర్‌ని దాని విండోస్ లేవకుండా వేరేదారిన తెరిచారు. నెట్ లేదు, లోపల వాడు పెట్టిన పనికి ప్రాణం లేదు. ఒక్కొక్క పాఠమే తెరిచి వినిపించారు. మొదటిది తెరుచుకోలేదు. రెండోది తెరుచుకోలేదు. తొమ్మిదో దానిదాకా ఏదీ పలకలేదు. పదోది నొక్కగానే "తల్లీ, ఈ పాఠంలో మనం అడవులగురించి చెప్పుకుందాం" అని అమృతవల్లి గారి గొంతు వినిపించింది. ఆవిడ ఠక్కున కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పదకొండు పలికింది. పన్నెండు, పదమూడు. ఆ రోజు సగంలో ఆగిన పద్నాలుగోది కూడా ఆగిన మాటదాకా ఉంది.

"తొమ్మిది పోయాయి," అన్నారు మాస్టారు. "కంపెనీ పేరు చెప్పి వాడు తాళాలు వేసింది డబ్బు గుంజడానికి. వాడి పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోవు."

హిమజ తలవంచుకుంది. "నావల్లేనండీ టీచర్ గారూ. అది వేసింది నేను."

అమృతవల్లి గారు ఆ మాట వినిపించుకున్నట్టే లేదు. వేళ్ళమీద లెక్క వేస్తున్నారు. "ఇవాళ మూడు, రేపు నాలుగు, ఎల్లుండి మధ్యాహ్నానికి రెండూ, సగంలో ఉన్నదీ. చదివేస్తాను. ఏయ్ అమ్మాయ్, నీకు పనేమీ లేకపోతే పక్కన కూర్చుని పుస్తకం పట్టుకో. పేజీ తిప్పిన చప్పుడు మైకులో పడకుండా తిప్పాలి."

ఆ మూడు పగళ్ళూ హిమజ ఆ ఇల్లు వదల్లేదు. మాస్టారు మిగిలిన పాఠాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, కంప్యూటర్‌ని పూర్తిగా తుడిచి విండోస్ మళ్ళీ కొత్తగా ఎక్కించారు. దానితో వచ్చే ఫైర్‌వాల్ పనిచేస్తోందో లేదో చూశారు. రౌటర్‌కి కొన్ననాడు దానితో వచ్చిన పాస్‌వర్డే ఉంటే మార్చారు. టీచర్ గారు రోజూ వాడుకునే ఖాతాలో, మాస్టారు వచ్చి పాస్‌వర్డ్ కొడితే తప్ప కొత్త ప్రోగ్రాము ఎక్కకుండా చేశారు. పాఠం పూర్తయిన ప్రతిసారీ దాని నకలు ఒకటి విడిగా పెన్‌డ్రైవ్‌లో దాచి, అది పీకి సొరుగులో పెట్టమన్నారు. ఎవరికైనా ఫోన్ చేయాలనిపిస్తే నెట్‌లో వెతక్కుండా తనకే చేయమని గోడమీద పెద్ద అంకెలతో రాసి అతికించారు. అంతే. అరపూటలో అయిపోయింది. ఇక ఆ పెట్టె మూలనుంచి లేవలేదు. హిమజ చెప్పడం, మొదటిరోజు అమృతవల్లి గారి చూపుడువేలు అలవాటుగా మౌసు మీద రెండుమూడు సార్లు ఎగిరిపడిందట. రెండోరోజుకి మానేసిందట. తిరిగి చదివిన పాఠాలు మొదటిసారికంటే బాగా వచ్చాయని ఆవిడే అన్నారు. నదుల పాఠంలో హిమజ అడిగిన ప్రశ్న ఒకటి చేర్చి, దానికి జవాబు కూడా చెప్పారు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆఖరి పాఠం వెళ్ళింది. నాలుగింటికి పాఠశాల హాస్టలు వార్డెన్ ఫోన్ చేసి, స్పీకర్ పెట్టారు. అవతల అరవైమంది ఆడపిల్లలు ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒక పిల్ల మాత్రం అందరి గొంతులూ దాటి, "టీచర్, నా చేతిమీద గోదావరి దొరికింది" అంది. అమృతవల్లి గారు ఫోన్ హిమజ చేతికిచ్చి, తన కుడి చెయ్యి బల్లమీద ఆనించుకున్నారు.

సోమవారం పొద్దున హిమజ మిగిలిన ఇద్దరిళ్ళకీ వెళ్ళి, తను వేసిన ఫైర్‌వాల్ తీసేసి, అసలుది తిరిగి పనిచేస్తోందని చూసుకుని గదికి వచ్చింది. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. మనిషి అలసిపోయింది గానీ కళ్ళు మెరుస్తున్నాయి. సంచీ దింపకుండానే వాదనకు దిగింది. "ఒక్కమాట మాస్టారూ. నేను వేసింది తన పని తాను చేసింది. వాడు లోపలినుంచి దారి చేసుకుంటున్నప్పుడు అది ఆపింది, అడిగింది. విండోస్‌ది అయితే ఆ మాత్రం కూడా అడిగేది కాదు."

"అడిగింది," అన్నారు మాస్టారు. "నువ్వు గీత కూడా పెట్టావు."

హిమజ అయినా వదల్లేదు. "అలాంటిదే మీ కంప్యూటర్‌లో ఉంది కదండీ. నేను చూశాను. అంత పనికిరానిదైతే మీరెందుకు పెట్టుకున్నారు?"

"అది అడిగినప్పుడల్లా నేను పని ఆపి చదువుతాను. నా పనే అది."

"అయితే ఆవిడకి కూడా చదవమని చెబితే సరిపోయేది."

మాస్టారు టేబుల్ మీద విప్పి ఉన్న కంప్యూటర్‌ని తనవైపు లాక్కున్నారు.

"ఆవిడ చదవాల్సినవి వేరే ఉన్నాయమ్మాయ్," అన్నారు.