గవిరమ్మ జముకు

అనగా అనగా, కొండలింకా చంటిపిల్లలుగా ఉన్న రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. ఊకొట్టండి మరి, ఊకొడితేనే కథ కదులుతుంది.

ఆ రాజుకి ఒకటే పిచ్చి. లోకంలో ఇంకెవరి దగ్గరా లేనిది తన దగ్గర ఉండాలి. పెద్ద శాల ఒకటి కట్టించాడు. తన విద్యాలయంలో చదువుకునే వాళ్లందరినీ పిలిచాడు.

"దేశాలు తిరగండి. ఎక్కడ ఏ వాద్యం ఉందో వెతకండి. ఎలా చేస్తారో, ఎలా పట్టుకుంటారో, ఎప్పుడు వాయిస్తారో నేర్చుకుని, వాద్యంతో సహా రండి. అదే మీకు పరీక్ష" అన్నాడు.

ఒకడు ఓడెక్కి దీవుల నుంచి వెదురు వాద్యం తెచ్చాడు. ఒకడు ఒంటె ఎక్కి ఇసుక దేశం నుంచి ఒంటితీగ వాద్యం తెచ్చాడు. ఒకడు మంచు దేశం నుంచి జింకతోలు డప్పు తెచ్చాడు. అన్నిటినీ మేకులకు తగిలించారు. ముట్టుకోకూడదని రాజు ఆజ్ఞ.

ముకుందుడనే విద్యార్థికి ఓడా దొరకలేదు, ఒంటే దొరకలేదు. నడుచుకుంటూ కొండవార పల్లెకి పోయాడు. అక్కడ గవిరమ్మ అనే ముసలామె ఉండేది. పగలంతా చింతకాయలు కొట్టి పిక్కలు తీసేది. పొద్దువాలితే జముకు వాయిస్తూ కథ చెప్పేది. జముకంటే కుండలాంటి చిన్న చెక్కబుర్ర. దానికి ఒకవైపు తోలు, తోలు నడిమి నుంచి ఒక నరం. చంకలో ఇరికించి నరం మీటితే జుముక్ జుముక్ అని మాట్లాడుతుంది. అది చెయ్యడం ఆ చుట్టుపక్కల గవిరమ్మకే తెలుసు.

"మామ్మా, ఇది రాజుగారి శాలకి కావాలి" అన్నాడు ముకుందుడు.

"పట్టికెళ్లి ఏటి సేత్తారు బాబూ?"

"గోడకి తగిలిస్తాం."

"వాయించీదెవులు?"

"ఎవరూ వాయించరు. చూస్తారంతే."

గవిరమ్మ నవ్వింది. "ఆవుని గోడకి తగిలిస్తే పాలిత్తాదేటి? పో బాబూ, పో."

ముకుందుడు ఉత్తచేతులతో పోయాడు. కానీ రాజుకి సంగతి తెలిసింది. భటులు వచ్చి జముకు లాక్కుపోయారు. "ఇలాంటిది లోకంలో ఇదొక్కటే!" అని రాజు మురిసిపోయాడు.

గవిరమ్మ ఏడవలేదు. ఎండిన ఆనపకాయ బుర్ర తెచ్చింది, తోలు బిగించింది, నరం లాగింది. జుముక్ జుముక్.

భటులు మళ్లీ వచ్చారు. దాన్ని కాళ్ల కింద వేసి తొక్కారు. "ఇంకోటి చేశావో, చూసుకో!" అన్నారు.

"నా సేతులు నాయి. సేత్తాను" అంది గవిరమ్మ.

ఈసారి ఆమె ఒక్కర్తీ కూర్చోలేదు. ఊళ్లో ఆడవాళ్లందరినీ పిలిచింది. బుర్ర ఎలా తొలవాలో, తోలు ఎలా నానబెట్టాలో, నరం ఎంత బిగించాలో చేయి పట్టుకుని నేర్పింది. "నేర్చుకోండే అమ్మా. మీ సేతులు మీయి" అంది.

మూడోసారి వచ్చిన భటులు గవిరమ్మనే పట్టుకుపోయారు.

"ఇక చెయ్యనని ఒట్టు పెట్టు" అన్నాడు రాజు.

"పెట్టను మారాజా. నా సేతులు నాయి. సేత్తాను."

రాజుకి ఒళ్లు మండింది. "దీన్ని ఆ మూగ వాద్యాల మధ్యే పడెయ్యండి. తనూ మూగదవుతుంది" అన్నాడు.

శాలకి తాళం పడింది. గవిరమ్మ గోడలకేసి చూసింది. దేశదేశాల వాద్యాలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. "అయ్యో నా తల్లులారా, మిమ్మల్నీ పట్టుకొచ్చేశారేటి" అని ఒక్కొక్కదాన్నీ దించి చీరకొంగుతో తుడిచింది.

ముకుందుడికి సిగ్గేసింది. తోటివాళ్లను వెంటబెట్టుకుని కిటికీ దగ్గరకి వచ్చాడు. ఓడెక్కినవాడు వెదురుని ఎలా కదిలించాలో చెప్పాడు. ఒంటె ఎక్కినవాడు తీగని ఎలా మీటాలో చెప్పాడు. మంచు దేశం పోయినవాడు డప్పుని ఎక్కడ కొట్టాలో చెప్పాడు. గవిరమ్మ వాయించింది. తప్పు వాయించింది, మళ్లీ వాయించింది. జనం పనులు మానుకుని గోడ పక్కన నిలబడ్డారు.

"ఆపమని చెప్పండి!" అని రాజు అరిచాడు. భటులు చెప్పారు. గవిరమ్మ ఆపలేదు.

అలా ఎండాకాలం పోయింది, వానలూ పోయాయి. ఒక మిట్టమధ్యాహ్నం శాలలో చప్పుడు ఆగింది. తలుపు తీస్తే, గవిరమ్మ గోడకి ఆనుకుని, ఒళ్లో ఒంటితీగ వాద్యంతో, కన్నుమూసి ఉంది.

"ఊరవతల పూడ్చెయ్యండి. చప్పుడు లేకుండా" అన్నాడు రాజు.

విద్యార్థులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముకుందుడు పాడె కట్టాడు. మిగతావాళ్లు వాద్యాలు చేతబట్టారు. భటులు అడ్డం వస్తే, "మమ్మల్ని తొక్కి పోండి" అన్నారు. పాడె కదిలింది. దీవుల పాటా, ఇసుక దేశం పాటా, మంచు దేశం పాటా కలిసి వీధిలో నడిచాయి. కొండవార నుంచి ఆడవాళ్లు ఎదురొచ్చారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో జముకు. కొండలు దద్దరిల్లాయి.

రాజు శాలలోకి వెళ్లి చూశాడు. గోడల నిండా మేకులే మిగిలాయి.

ఇప్పటికీ కొండవార జముకు నేర్చుకునేవాళ్లు ఒకటి చేసి ఊరుకోరు. రెండు చేస్తారు. ఒకటి తమకి, ఒకటి ఎదురింటికి. ఎందుకమ్మా రెండు అని అడిగితే, "పట్టుకుపోయీవోడు మా గుమ్మం తొక్కీసరికి, ఎదురింట్లో మోగుతుండాల కదా!" అంటారు.