పుండు మీద ఉపన్యాసం

"ఏరువాక నాటికి ఈ పాకలో ఒక్క మెడ మీద కూడా కాడి పుండు ఉండదు. ఇది నా మాట!" అని కాకి గడ్డివాము మీదినుంచి ప్రకటించింది. పశువులన్నీ తోకలాడించి దాన్నే పాకకు పెద్దగా ఎన్నుకున్నాయి.

ఏరువాక వచ్చింది, పోయింది. మైల ఎద్దు మెడ మీది పుండు మాత్రం అరచేయంత అయింది. ఇంకాస్త ముదిరి పురుగు పడితే రైతు దాన్ని సంతకు తోలేస్తాడు. అక్కణ్ణించి తిరిగొచ్చిన ముసలి ఎద్దు లేదు.

"మాటిచ్చావు కదా బాబాయ్?" అంది ఎద్దు.

కాకి వచ్చి దాని మెడ మీదే వాలింది. "పిచ్చివాడా! బాధ లేని బతుకూ ఒక బతుకేనా? ఈ పుండే నీ పోరాట చరిత్ర. మందు రాస్తే చరిత్ర చెరిగిపోతుంది. త్యాగం వర్ధిల్లాలి!" అంటూనే పుండులోంచి ఓ ముక్క పొడుచుకుని మింగింది.

ఎద్దు పులకించిపోయింది. రైతు భార్య ఆ సాయంత్రం నుంచి రోజూ రాయడం మొదలెట్టిన వేపనూనెను ఎద్దు ఎప్పటికప్పుడు గుంజకేసి రుద్ది తుడిచేయసాగింది.

పక్కనే కట్టేసి ఉన్న బొల్లి గేదె నాలుగు రోజులు నెమరేస్తూ చూసింది.

"తమ్ముడూ, నా మెడ మీద పుండు లేదు. మరి వీడు నాకెందుకు చెప్పడు ఈ పరమార్థం?"

"నీకు చరిత్ర లేదక్కా."

"నా దగ్గర లేనిది చరిత్ర కాదురా, వాడికి ఫలహారం. నమ్మకపోతే ఇవాళ నూనె తుడవకు. తెల్లారేసరికి ఇంకిపోతుంది, పైకి కనబడదు."

తెల్లారింది. కాకి వాలింది. "బాధే మన గురువు..." అని మొదలెట్టి ముక్కు దించింది. మరుక్షణం కిందపడి గింజుకుంది.

"చేదు! చచ్చాను! కుడితి తొట్టి దగ్గరికి పోనివ్వండర్రా!"

గేదె తొట్టికి అడ్డంగా నిలబడింది. "ఓర్చుకో పెద్దాయనా. నీకూ కాస్త చరిత్ర ఉండొద్దూ?"

"నా సంగతి వేరు!" అని అరిచింది కాకి.

పాకంతా ఆ మాట విన్నది.

"జరుగక్కా, తాగనీ," అంది ఎద్దు. "ఎవడికైనా నోరు మండుతుంటే నీళ్లివ్వాలి. ఇందులో పరమార్థం వెతకడానికేముంది?"

కాకి తాగి, తడి ముక్కుతో తాటాకు కప్పు మీదికి ఎగిరిపోయింది.

ఎదుటివాడి బాధను పొగిడేవాడి నోట్లో ఏముందో ముందు చూడాలి.

ఎద్దు తలెత్తి అంది: "బాబాయ్, మా మెడల్లోంచి ఇన్నాళ్లూ ఏం తిన్నావో కిందికి దిగొచ్చి అందరి ముందూ చెప్పాలి. గడువు శ్రావణ పౌర్ణమి."