గానుగ వాటాలు పడిన ఏడు

పొరుగుదేశపు ఓడలు నువ్వులనూనె మోసుకురావడంతో బజారులో ధర సగానికి పడింది. ఇక రాజుగారి గానుగశాలలో వాటాలున్నవాళ్లంతా వాటిని అయినకాడికి అమ్మేసుకోసాగారు. రాజుగారి వాటా విలువ కూడా నేలకు దిగింది.

"ఇదంతా గానుగ తిప్పే నూకాలు నిర్వాకమే ప్రభూ" అన్నాడు దివాను. రాజు దాని తల తీయమన్నాడు.

తలారి కత్తి తెచ్చి మెడ మీద ఆనించగానే నూకాలు నోరు విప్పింది.

"దొరా, పోయినేడు నువ్వుపంట పోయి నూనె ధర పెరిగింది, వాటాలూ పెరిగాయి. అప్పుడూ గానుగ తిప్పింది నేనే. మరి బంగారు కడియం దివానుగారికి తొడిగారెందుకు?"

"నా తెలివివల్ల పెరిగాయి కనుక" అన్నాడు దివాను మీసం దువ్వుతూ.

"పెంచే తెలివి ఉన్నాయన ఈ ఏడు ఎందుకు పడనిచ్చారో అడగండి దొరా."

రాజు దివాను వైపు తిరిగాడు. తలారి కూడా తిరిగాడు.

దివానుకు ముచ్చెమటలు పోశాయి. "ప్రభూ, ఓడలొచ్చి ధర పడింది, ధరతోపాటు వాటాలూ పడ్డాయి. ఇందులో మనుషుల చేతిలో ఏముంది?"

"అయితే తప్పు ఎవరిదీ కాదంటావా?"

"ఎవరిదీ కాదు ప్రభూ. నూకాలుది అసలే కాదు."