రేవులో మూడు కంపలు

అనగనగా ఎర్రవాగు ఒడ్డున ఒక అడవిలో గుబురయ్య అనే ఎలుగుబంటి పెద్దరికం చేసేవాడు. చేసేవాడంటే, ఎక్కువగా పడుకునేవాడు. మెలకువ వచ్చినప్పుడు పెద్దరికం చేసేవాడు. లేనిపోనివి చెప్పడం నాకు అలవాటు లేదు పిల్లలూ. ఉన్నవే బోలెడు.

ఆ అడవిలో పెద్దరికం ఎవరికీ శాశ్వతం కాదు. రెండేళ్ళకొకసారి, ఇప్పపూలు రాలే కాలంలో అందరూ కూడి కొత్త పెద్దను ఎన్నుకునేవారు. పూలు రాలడం ఆగిన రోజున, పొద్దు గూకగానే పాత పెద్ద దిగిపోవాలి. కొత్త పెద్ద, పెద్దలు కూర్చునే బండ ఎక్కాలి. వెనకటికి ఒక తాబేలు పెద్దగా ఉన్నప్పుడు మర్నాటిదాకా బండ దిగలేదని చెప్పుకుంటారు. అది మొండితనం కాదనీ, పాపం పొద్దున్నే బయల్దేరిందనీ దాని బంధువులు ఇప్పటికీ వాదిస్తారు.

తప్పు చేసినవాళ్ళను ఆ అడవిలో కొట్టరు. వాగు అవతలికి పంపుతారు. పెద్ద స్వయంగా ఒక తుమ్మకంప ఈడ్చుకొచ్చి రేవులో అడ్డంగా వేస్తాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కంప. కంప పెద్దదేమీ కాదు. కుందేలు కూడా గెంతేయగలదు. కానీ కంప దాటి వచ్చినవాళ్ళతో ఎవరూ మాట్లాడరు. నీళ్ళ దగ్గర చోటివ్వరు. మాటల్లేకుండా ఉండడం ఎంత పెద్ద శిక్షో మీకు తెలియదు. నేను ఒక పూట ఉండి చూశాను.

కంప వేసినవాడే కంప తీయాలి. అదీ పెద్దగా ఉన్నన్నాళ్ళలోనే తీయాలి. తీస్తూ అందరూ వినేలా "నీ తప్పు క్షమించాను, ఇవతలికి రా" అనాలి. తీయకుండా దిగిపోయాడా, ఇక ఆ కంపను ఎవరూ ముట్టుకోకూడదు. అది ఎండి, పుచ్చి, మట్టిలో కలిసేదాకా అవతలివాళ్ళు అవతలే. తుమ్మకంప ఓ పట్టాన మట్టిలో కలవదు.

గుబురయ్య దిగిపోయే రోజు వచ్చింది. అడవిదున్న మూపురయ్యను కొత్త పెద్దగా ఎన్నుకున్నారు. అప్పటికి రేవులో గుబురయ్య వేసిన కంపలు మూడు ఉన్నాయి.

మొదటిది కొండముచ్చు తోకయ్యది. అతను చెట్టెక్కి గుబురయ్య గురకను అనుకరించి అందరినీ నవ్వించాడు. ఆ గురక ఎంత బాగా కుదిరిందంటే, ఎలుగుబంటి వచ్చాడనుకుని తేనెటీగలు పట్టు వదిలి పోయాయి. గుబురయ్యకు కోపం వచ్చి కంప వేశాడు.

రెండోది అడవిపంది కోరయ్యది. కోరయ్య గుబురయ్యకు ప్రాణస్నేహితుడు. రోజూ దుంపలు తవ్వి తెచ్చి పెట్టేవాడు. ఎండాకాలంలో ఆ అడవి మొత్తానికి ఉన్నది ఒకటే మడుగు. కోరయ్య దాని గట్టు మీద పొర్లి పొర్లి గట్టు తెగ్గొట్టాడు. నీళ్ళన్నీ ఇసకలోకి ఇంకిపోయాయి. మళ్ళీ ఊట ఊరేలోపు దుప్పి చుక్కమ్మ పిల్ల దాహంతో చచ్చిపోయింది. అడవంతా గోలపెడితే గుబురయ్యకు కంప వేయక తప్పలేదు. మూడింటిలోకీ అదే చిన్నది. ముళ్ళు కూడా తక్కువే. ఏరి తెచ్చాడని నేను అనను. చూసినవాళ్ళు అన్నారు.

మూడోది ముళ్ళపంది సూదమ్మది. ముళ్ళపందికి ముళ్ళకంప అడ్డేమిటని మీరు అడగొచ్చు. అప్పుడూ అడిగారు. రెండేళ్ళ కిందట సూదమ్మ గుబురయ్య మీద పోటీకి నిలబడింది. ఓడిపోయింది. ఓడినవాళ్ళు నోరు మూసుకోవాలి కదా, ఆమె మూసుకోలేదు. "నీ స్నేహితుడు గట్టు మీద పొర్లుతున్నాడు. గట్టు బీటలిచ్చింది. లేచి చూడవయ్యా" అని అందరిలో అంది. గుబురయ్య లేచాడు. గట్టు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. తుమ్మచెట్టు దగ్గరికి వెళ్ళాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే గట్టు తెగింది.

దిగిపోయే రోజు పొద్దున ఉడుము పట్టాభి గుబురయ్య దగ్గరికి వచ్చాడు. పట్టాభి పెద్దలకు సలహాలు చెప్పేవాడు. ఎవరు పెద్దయితే వాళ్ళను పట్టుకునేవాడు. ఉడుంపట్టు సంగతి మీకు తెలిసిందేగా.

"పెద్దయ్యా, సాయంత్రం అందరి ముందు తమరి గురించి నాలుగు మంచి ముక్కలు చెబుతాను. కష్టపడి కట్టాను. 'మన గుబురయ్యగారు పొరపాటంటే ఎరగరు' అని మొదలవుతుంది" అన్నాడు పట్టాభి.

"మొదలు బాగుంది. మరి కంపల సంగతేం చేద్దాం?" అన్నాడు గుబురయ్య.

"కోరయ్యగారిది తీసేయండి. మనవాడు. సూదమ్మది మాత్రం ఉంచండి. కంప తీశారంటే, వేయడం తప్పని ఒప్పుకున్నట్టే కదా! పైగా రేపటి నుంచి మీరు ఉత్త ఎలుగుబంటి. ఆవిడ వచ్చి నోరు చేసుకుంటే ఆపేదెవరు?"

"తోకయ్యది?"

"తీయండి. పెద్దమనసు చూపినట్టుంటుంది. దానికి ఖర్చేమీ లేదు."

గుబురయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఆలోచించినా పడుకున్నట్టే ఉంటుంది. పట్టాభి చెవి ఒగ్గి విన్నాడు. గురక రాలేదు. ఆలోచనే అని నమ్మకం కుదిరింది.

"సరే. రెండు తీస్తాను, ఒకటి ఉంచుతాను" అన్నాడు గుబురయ్య.

పొద్దు వాలుతుండగా అందరూ రేవు దగ్గర చేరారు. వాగు ఎండి ఇసక తేలింది. అవతల అంతా రాళ్ళగుట్టలు. అక్కడ వానలదాకా దుంపల్లో ఉన్న తడి మీదే బతకాలి. కోరయ్యకు మాత్రం ఫరవాలేదు. ఇసకలో లోతుగా గుంట తవ్వుకుని ఊట తాగేవాడు. ఆ గుంటలో సూదమ్మను ఒక్కనాడూ మూతి పెట్టనివ్వలేదు. సూదమ్మ బాగా చిక్కిపోయింది. ముళ్ళు నిక్కబొడిచే ఓపిక కూడా లేక నేల మీదికి జారవేసి నిలబడింది. ఈ వేసవి ఆమె గట్టెక్కదని చూసినవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది. పైకి ఎవరూ అనలేదు.

గుబురయ్య మొదటి కంప పక్కకు లాగాడు.

"తోకయ్యా, నీ తప్పు క్షమించాను, ఇవతలికి రా."

"వచ్చేశా మామా!" అంటూ తోకయ్య ఒక్క గెంతులో వచ్చిపడ్డాడు. నిజానికి అతను రోజూ వస్తూనే ఉన్నాడు. కొమ్మల మీదుగా వచ్చి మడుగులో నీళ్ళు తాగి పోయేవాడు. "నేను కంప దాటలేదు. కంపే నా కింద నుంచి పోయింది" అనేవాడు. ఈ సంగతి అడవిలో అందరికీ తెలుసు, పెద్దకు తప్ప. పెద్దలకు తెలియనివన్నీ ఇలాంటివే.

గుబురయ్య రెండో కంప మీద చెయ్యి వేశాడు. చుక్కమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"పెద్దయ్యా, ఇదెందుకు తీస్తున్నారు?"

"క్షమిస్తున్నానమ్మా. దిగిపోయే రోజున మనసు పెద్దది చేసుకోవాలి."

"చేసుకోండి, మంచిదే. పోయింది మీ పిల్లా?"

గుబురయ్య చెయ్యి కంప మీదే ఉండిపోయింది.

"తోకయ్య మిమ్మల్ని వెక్కిరించాడు. మీరు క్షమించారు. నాకేం పేచీ లేదు. కోరయ్య మీకేం చేశాడు? దుంపలు పెట్టాడు. దానికి క్షమించేదేముంది? పోయింది నా పిల్ల. క్షమించాలో వద్దో నన్నడిగారా? పోనీ, అతను ఒక్కసారైనా నన్నడిగాడా?" అంది చుక్కమ్మ.

అవతలి నుంచి కోరయ్య అరిచాడు. "బావా, దుప్పులతో మాటలేమిటి? లాగెయ్ కంప! గట్టు అంత మెత్తగా ఉండడం నా తప్పా?"

గుబురయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది నేను తీయగలిగింది కాదు కోరయ్యా. వేసింది నేనే. కానీ దెబ్బ తగిలింది నాకు కాదు" అన్నాడు.

కోరయ్య నోటికొచ్చిందల్లా తిట్టాడు. అవి పిల్లలకు చెప్పేవి కావు. పెద్దయ్యాక అడగండి.

గుబురయ్య వెనక్కి తిరిగాడు.

"మామా, మూడోది మర్చిపోయావు" అన్నాడు తోకయ్య.

"మర్చిపోలేదు. ఉంచాను."

"ఆ రోజు సూదమ్మ మాట విని మీరు గట్టు దగ్గరికి వెళ్ళి ఉంటే..." అని చుక్కమ్మ ఆగిపోయింది. మిగతాది ఎవరూ పూర్తిచేయలేదు. అవసరం లేకపోయింది.

గుబురయ్య అవతల నిలబడ్డ సూదమ్మ వంక చూశాడు. ఆ తర్వాత పట్టాభి వంక చూడకుండా వెళ్ళి మూడో కంప పట్టుకున్నాడు.

"సూదమ్మా, నీ తప్పు క్షమించాను, ఇవతలికి రా."

సూదమ్మ కదల్లేదు.

"రాను" అంది.

అందరూ ముఖాలు చూసుకున్నారు. "చూశారా పొగరు!" అన్నాడు పట్టాభి.

"ఏం తప్పు క్షమించావు గుబురయ్యా?" అని అడిగింది సూదమ్మ.

"అదే... ఆ రోజు నువ్వన్న మాట."

"గట్టు బీటలిచ్చిందన్నాను. ఇచ్చిందా, లేదా?"

"ఇచ్చింది."

"నువ్వు పడుకున్నావన్నాను. పడుకున్నావా, లేదా?"

"కాస్త నడుం వాల్చాను."

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. తోకయ్య కాదట. తనే చెప్పాడు.

"మరి క్షమించడానికి నా దగ్గర తప్పేది? లేని తప్పు ఒప్పుకుని వచ్చి ఆ మడుగులో తాగితే, తాగిన ప్రతిసారీ నేను తప్పు చేసినదాన్నే. దానికంటే ఈ ఇసకే నయం" అంది సూదమ్మ.

సూర్యుడు గుట్ట అంచును తాకాడు. "పొద్దు గూకుతోంది" అన్నాడు మూపురయ్య. అతనికి బండెక్కే తొందర ఉంది. ఎవరికుండదు?

పట్టాభి గుబురయ్య చెవిలో చెప్పాడు. "వదిలేయండి పెద్దయ్యా. మీరు పిలిచారు. ఆవిడే రానంది. ఇంతకంటే మంచి ముగింపు నేను కూడా కట్టలేను."

అది నిజమే. ఊరికే నిలబడితే చాలు. గుబురయ్య మంచివాడైపోతాడు, సూదమ్మ పొగరుబోతు అయిపోతుంది. వానలు వచ్చేసరికి సూదమ్మ ఉండదు.

గుబురయ్య కంపను రెండు చేతులతో పైకెత్తాడు. ముళ్ళు దిగాయి.

"సూదమ్మా, తప్పు నాది. నువ్వు చెప్పేదాకా నేను లేవలేదు. లేచాక గట్టు చూడలేదు, నీ మీదికి వచ్చాను. ఈ కంప నేను వేయకూడనిది. ఇవతలికి రా" అన్నాడు.

ఆ రేవులో అంతకుముందు ఏ పెద్దా అలాంటి మాట అనలేదు. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"కాస్త గట్టిగా చెప్పు. ఇక్కడికి వినబడలేదు" అంది సూదమ్మ.

వినబడిందనే నా నమ్మకం.

గుబురయ్య మళ్ళీ చెప్పాడు. ఈసారి మూడు గుట్టల అవతలి గబ్బిలాలు కూడా లేచాయి. సూదమ్మ నెమ్మదిగా ఇసక దాటి వచ్చింది. గుబురయ్య పక్క నుంచే పోయింది. దణ్ణం పెట్టలేదు, ముఖం కూడా చూడలేదు. తిన్నగా మడుగు దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది. చాలాసేపు తాగింది.

పొద్దు గూకింది. గుబురయ్య పెద్దరికం రేవులోనే అయిపోయింది, చేతిలో కంపతో. పట్టాభి కట్టిన మాటలు 'పొరపాటంటే ఎరగరు' దగ్గరే ఇరుక్కుపోయాయి. అయినా అతను పారేయలేదు. పేరు మార్చి మర్నాడు మూపురయ్యకు చెప్పాడు. మూపురయ్యకు చాలా నచ్చాయి.

కోరయ్య అవతలే ఉండిపోయాడు. రోజూ రేవుకు వచ్చి "బావా" అని పిలిచేవాడు. గుబురయ్య పలకరించేవాడు గానీ, ఇక కంప ముట్టుకునే వీలు లేదు. ఒకరోజు కోరయ్య వచ్చి "చుక్కమ్మా" అని పిలిచాడు. చుక్కమ్మ వెళ్ళింది. కంపకు ఇవతల నిలబడి మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ అడవిలో నాకు తెలియని సంగతి అదొక్కటే.

ఎండలు ముదిరాయి. మూపురయ్య మంద రోజూ ముందుగా మడుగులో దిగేది. చిన్న జంతువులకు బురద మిగిలేది. సూదమ్మ వెళ్ళి అందరిలో అడిగింది.

"మూపురయ్యా, పెద్దరికం నీకిచ్చాం గానీ మడుగు మీ మందకు ఇవ్వలేదు. చివర తాగేవాళ్ళ వంక ఒకసారి చూడు."

మూపురయ్య ముక్కుపుటాలు అదిరాయి. "కంప తెమ్మంటారా?" అన్నాడు పట్టాభి. అప్పటికే తెచ్చి ఉంచాడు.

మూపురయ్య కంపను కొమ్ములకు తగిలించుకుని రేవు దాకా ఈడ్చుకొచ్చాడు. అందరూ వెనకే వచ్చారు. ఒడ్డున గుబురయ్య పడుకుని ఉన్నాడు. అలికిడికి ఒక కన్ను తెరిచాడు.

"వెయ్ మూపురయ్యా, వెయ్. వేయడం తేలికే. తీసేటప్పుడు మాత్రం గట్టిగా అరవాలి. ఆవిడకు కాస్త చెవుడు" అన్నాడు. అని, కన్ను మూశాడు.

మూపురయ్య అక్కడే నిలబడిపోయాడు. రేవు వంక చూశాడు. చుట్టూ ఉన్న ముఖాల వంక చూశాడు. కాసేపటికి కంపను అలాగే వెనక్కి ఈడ్చుకెళ్ళి, మడుగు గట్టు మెత్తగా ఉన్నచోట ఎవరూ తొక్కకుండా అడ్డం వేశాడు. ఆ సాయంత్రం అతని మంద అందరి తర్వాత నీళ్ళు తాగింది.

సూదమ్మ మాత్రం "కంప కాస్త వంకరగా వేశాడు" అంది.

నీతి: తనను అన్న మాటను క్షమించడం పెద్దరికం. ఇంకొకరికి తగిలిన దెబ్బను క్షమించే హక్కు ఎంత పెద్దకూ లేదు. తప్పు తనదే అయినప్పుడు క్షమించానని అనకూడదు, ఒప్పుకోవాలి.