పొట్లాల యల్లమంద వెంట నడిచిన సంతరోజు

అనగనగా అనే మాట కూడా పుట్టని రోజులు. మందులు కాగితం పొట్లాల్లో వచ్చే కాలం. కథ చెప్పడం నాకెవరూ నేర్పలేదు, ఆ సంగతి నాలుగు మాటల్లో మీకే తెలిసిపోతుంది. అయినా ఊఁ కొట్టండి. ఈ కథ ఎత్తుకుంటే నాకు కాలు నిలవదు.

ఒక సంత ఊళ్ళో ఒక మందుల కొట్టు. యజమాని వీరభద్రయ్య మందు నూరేవాడు, యల్లమంద పొట్లం కట్టేవాడు. చదువులో యల్లమందా నేనూ సమానం. బుర్రలో కాదు. ఎవరు ఏ మందు పట్టుకెళ్ళారో ఆయనకి అన్నీ గుర్తే. కాగితం మడిచేవాడు, దారం చుట్టేవాడు, అడిగేవాడు: "ఎవరికి నాయనా?"

"పెళ్ళిసంబంధానికి వచ్చామా ఏంటి, ఇన్ని ఆరాలు? పొట్లం ఇవ్వవయ్యా" అనేవారు జనం.

ఒక సంతకి గాజులమ్మే పున్నయ్య వచ్చాడు. పెళ్ళాం పోయి మూడు నెలలు. నిద్రమందు కావాలన్నాడు. యల్లమంద మడిచాడు, చుట్టాడు, అడిగాడు: "ఎవరికి నాయనా?"

"మా అత్తకి." ఇచ్చాడు.

రెండో సంతకి మళ్ళీ అదే మందు. మడిచాడు, చుట్టాడు, అడిగాడు: "ఎవరికి నాయనా?"

"మా బావమరిదికి." ఇచ్చాడు. ఇచ్చాడే గానీ, ఆ వారమంతా ఆయనకి కూడు సహించలేదు.

మూడో సంత. పున్నయ్య భుజాన వేలాడే గాజుల మలారం దించి బల్లమీద పెట్టాడు. "మందివ్వు మావా. ఈ గాజులన్నీ మీ అమ్మాయికి. నాకింక వీటితో పనిలేదు."

ఈసారి యల్లమంద మడవలేదు, చుట్టలేదు. అడిగాడు.

"మీ అత్త గురక పక్క ఊరికి వినపడుతుంది. మీ బావమరిది నాగలి పట్టుకునే నిద్రపోతాడు. పున్నయ్యా, చచ్చిపోవాలనుందా నీకు?"

వీరభద్రయ్య నూరడం ఆపేశాడు. "అదేం మాటరా! లేని ఆలోచన పుట్టిస్తావా?"

పున్నయ్య బల్ల పట్టుకుని కూలబడ్డాడు. "ఉంది మావా. మూడు నెలల నుంచీ ఉంది. ఒక్కరూ అడగలేదు."

యల్లమంద తిట్టలేదు. నీతులు చెప్పలేదు. నేనైతే గంటసేపు చెప్పి, వాణ్ణి నిజంగానే విసిగించేవాణ్ణి. ఆయన పక్కన చతికిలబడి విన్నాడు. అంతా విన్నాక అడిగాడు: "ఆ రెండు పొట్లాలూ ఏవి?"

"ఇంట్లోనే ఉన్నాయి."

"పద, తెచ్చేసుకుందాం. మీ అక్కకి కూడా చెబుదాం."

"సంతరోజున కొట్టు వదిలి పోతావా?" అన్నాడు వీరభద్రయ్య.

"పోతానయ్యా."

అప్పుడు వీరభద్రయ్య ఏం చేశాడనుకున్నారు? తలుపులు మూసి తనూ చెప్పులేసుకున్నాడు. పున్నయ్యని మధ్యలో పెట్టుకుని ముగ్గురూ నడిచారు. పొట్లాలు వెనక్కి తీసుకున్నారు. అక్కని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు. "ఒంటరిగా వదలకమ్మా. వచ్చే సంతకి నువ్వే వెంటబెట్టుకురా" అన్నాడు యల్లమంద.

వచ్చే సంతకి అడిగితే "ఇంకా ఉంది మావా" అన్నాడు పున్నయ్య. ఆపై సంతకి "అప్పుడప్పుడూ" అన్నాడు. ఆ తర్వాతెప్పుడో అడుగుదామని చూస్తే మనిషి దొరకలేదు. వీధి చివర ఆడవాళ్ళ మధ్య కూర్చుని గాజులు తొడుగుతున్నాడు.

యల్లమంద నిండు ముసలితనంలో పోయాడు. పాడె మోసిన నలుగురిలో నెరిసిన తలతో పున్నయ్య ఒకడు.

ఈనాటికీ ఆ ఊళ్ళో సంతవేళ మందుల కొట్టు మూసి ఉంటే ఎవరూ విసుక్కోరు. "యల్లమంద ఎవరి వెంటో నడుస్తున్నాడు" అంటారు. జ్వరంతో వచ్చినవాళ్ళు సైతం మెట్లమీద సర్దుకుని కూర్చుంటారు, ఆ వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా.